అర మైలు తారు రోడ్డు

నరసరావుపేట నుంచి చిలకలూరిపేట పోయే దారిలో, ఊరు దాటాక, యుద్ధం ముగిసిన కొత్తల్లో అర మైలు తారు రోడ్డు ఉండేది. దానికి ముందు కంకరే, దాని తరవాతా కంకరే. మధ్యలో ఆ ముక్కకు మాత్రమే తారు ఎందుకు పోశారో తెలిసిన మనిషి నాకు తగలలేదు. మిలిటరీ లారీల కోసమని కొందరూ, కంట్రాక్టరు దగ్గర తారు అంతే మిగిలిందని కొందరూ అనేవారు. ఎందుకైతేనేం, పలకలాగా నున్నగా, ఎక్కడా వంపు లేకుండా ఉండేది. మంచి వస్తువు ఒకటి కనబడితే దానికి హక్కుదారులు పుట్టుకొస్తారు. ఈ అర మైలుకూ పుట్టుకొచ్చారు. అందులో మొదటివారు మా ఆయన.

మా ఆయన డాక్టరు. మిషను ఆసుపత్రిలో కొన్నేళ్ళు పనిచేసి, తరవాత నరసరావుపేటలోనే సొంతంగా డిస్పెన్సరీ పెట్టుకున్నారు. నేను ఆడపిల్లల హైస్కూల్లో చరిత్ర చెప్పేదాన్ని. మద్రాసులో బి.ఏ. చదివాను. వాదించడం మాత్రం అక్కడ నేర్చుకున్నది కాదు, అది మా అమ్మ వైపు నుంచి వచ్చింది.

మాకొక పాత కారు ఉండేది. స్వదేశం పోతూ ఒక దొర మాకు ఇచ్చిపోయినది. గుడ్డ టాపు. ముందు హ్యాండిలు పెట్టి పది సార్లు తిప్పితే ఒకసారి లేచేది. ప్రతి శనివారం మా ఆయన ఆ కారులో మందులపెట్టె పెట్టుకుని ఎడ్లపాడు పోయి, అక్కడి చర్చి పక్క గదిలో సాయంత్రం దాకా రోగులను చూసి వచ్చేవారు. పన్నెండేళ్ళుగా అదే అలవాటు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు జ్వరం బుధవారం వచ్చినా శనివారం దాకా ఓపిక పట్టేవారు. ఆదివారం చర్చి మానుకున్న వారాలున్నాయి గాని, శనివారం ఎడ్లపాడు మానుకున్న వారం నాకు గుర్తు లేదు.

బస్సులో పోవచ్చు కదా అని ఇప్పటి వాళ్ళు అడగొచ్చు. ఆ రోజుల్లో బస్సులు బొగ్గు మీద నడిచేవి. వెనకాల నిలువెత్తు పొయ్యి ఒకటి కట్టేవారు. ఎత్తు వచ్చిందంటే మగవాళ్ళంతా దిగి తొయ్యాలి, కండక్టరు పొయ్యి దగ్గర నిలబడి చక్రం తిప్పుతూ నిప్పు రాజెయ్యాలి. ఎడ్లపాడు చేరేసరికి డాక్టరుకూ రోగికీ తేడా తెలిసేది కాదు.

ఆ ఏడు వేసవిలో మా ఆయన ఒక గడ్డిబండిని రాసుకుంటూ పోయారు. ఇంటికొచ్చాక చూస్తే ఎడమ మడ్‌గార్డుకు ఎండుగడ్డి గుత్తిగా పట్టుకుని ఉంది. బండివాడే మీద పడ్డాడన్నారు. మరో వారం కల్వర్టు గోడను గీరుకున్నారు. గోడ కూడా మీద పడిందా అని అడిగాను. ఆ తరవాత ఇంట్లో కూడా గమనించడం మొదలుపెట్టాను. ఎదురుగా పెట్టిన కాఫీ గ్లాసు తీసుకునేవారు, పక్కన పెట్టిన చెంబును మోచేత్తో దొర్లించేవారు. పోరుపెట్టి మద్రాసు కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. వాళ్ళు రెండు రోజులు చూసి, రెండు కళ్ళలోనూ పక్క చూపు పోయిందనీ, పోయినది ఇక రాదనీ, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోమనీ చెప్పారు. ఎదుటి చూపు బాగానే ఉంది, పుస్తకం చదవొచ్చు, రోగిని చూడొచ్చు. కారు మాత్రం నడపకూడదు.

తిరిగొచ్చేటప్పుడు స్టేషనులో ఆయన ఒక ఇంగ్లీషు పత్రిక కొన్నారు. రైలు గూడూరు దాటేదాకా అదే తిరగేశారు. దాటాక పత్రిక నా ఒళ్ళో పెట్టి, "ఏమోయ్, ఇక రోడ్లతో పని లేదు," అన్నారు.

చూస్తే కారు బొమ్మ. దాని నెత్తిన రెక్కలు, వెనక తోక. టోపీ పెట్టుకున్న దొర నవ్వుతూ నడుపుతున్నాడు, పక్కన ఆయన పెళ్ళాం చేతులకు మేజోళ్ళు వేసుకుని ఇంకా ఎక్కువ నవ్వుతోంది. కింద వాళ్ళ ఇల్లు అగ్గిపెట్టెంత ఉంది. రెక్కలు విప్పి షెడ్డులో పెట్టుకోవచ్చట, మిగతాది మామూలు కారట. కొద్ది ఏళ్ళలో గుమాస్తాలు కూడా ఆఫీసులకు ఎగిరిపోతారని రాశారు.

"రోడ్లతో మనకు ఇప్పుడు మాత్రం ఏం పని? మీరు సగం దూరం పొలాల్లోనే నడుపుతున్నారుగా," అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ బొమ్మను జాగ్రత్తగా మడిచి కోటు జేబులో పెట్టుకున్నారు.

ఇక ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఎగిరే కారు గొడవే. అన్నం దగ్గర అదే, ప్రార్థన అయ్యాక అదే. నా వైపు వాదన చెబుతాను, ఆయన రాసుకోవాలంటే ఆయన రాసుకుంటారు. మొదటి సంగతి, మన కారుకు కోటప్పకొండ కనబడేసరికి రేడియేటరు మరుగుతుంది. ఆకాశంలో మరిగితే నీళ్ళు ఏ బావిలో తోడను? రెండోది, శివరాత్రికి కొండకు బళ్ళ మీద కట్టుకొచ్చే వెదురు ప్రభలు చూశారుగా, తాటిచెట్ల మీద తాటిచెట్లు నిలబెట్టినట్టుంటాయి. వాటిలోకి పోతే?

"శివరాత్రికి ఎగరను," అన్నారాయన.

మూడోది నేను గట్టిగా నమ్మిన మాట. మా పేటలో బండివాడు బండివాడికి దారి ఇవ్వడు. రోడ్డు ఇరుకు కాబట్టి చివరికి ఎవడో ఒకడు తగ్గుతాడు. రోడ్డుకు రెండు వైపులే ఉంటేనే సంత రోజున పోలీసు గొంతు పోయేలా అరుస్తున్నాడు. ఆకాశానికి పైనా కిందా కలిపి ఆరు వైపులు. ఆరు వైపుల నుంచీ వచ్చే పెళ్ళివారిని ఎవరు ఆపుతారు?

దానికి ఆయన అన్నం కలుపుతూ కలుపుతూ, "ఆకాశంలో పక్కలు ఏముంటాయోయ్? అంచులుండవు, కల్వర్టులుండవు. ఎదురుగా చూసుకుంటే చాలు," అన్నారు.

నాలుగో వాదన సిద్ధంగానే ఉంది, అయినా గరిటె గిన్నెలో పెట్టేశాను. నేను వాదన మధ్యలో వదలడం మా ఇంట్లో అరుదైన సంగతి కాబట్టి ఆయన తలెత్తి చూశారు కూడా. అప్పటిదాకా అది వయసు మీరాక వచ్చిన సరదా అనుకున్నాను. చూపు తగ్గిన మనిషి నడపడానికి మిగిలిన చోటు వెతుక్కుంటున్నాడని ఆ పూట తెలిసింది.

కానీ జాలి పడితే ఎడ్లపాడు చేరలేం. అప్పటికి రెండు నెలలుగా ఎవరో ఒకరి కాళ్ళు పట్టుకుని డ్రైవరును తెచ్చుకుంటున్నాం. ఒకడు తాగి వచ్చాడు, ఇంకొకడు రానే రాలేదు. గుంటూరు నుంచి పొగాకు వ్యాపారి ఒకాయన కారు కొంటానని రెండు సార్లు వచ్చి పోయాడు. మా ఆయన ఇచ్చేద్దామన్నారు. ఎడ్లపాడుకు అంతటితో చాలు అని చెప్పేసి, ఎగిరే కారు వచ్చినప్పుడు మళ్ళీ మొదలుపెడదామన్నారు. చాలా మామూలుగా అన్నారు, ఉప్పు అయిపోయిందన్నట్టు.

"అమ్మొద్దు. నేను నడుపుతాను," అన్నాను.

"నలభై మూడేళ్ళకా?"

"యాభై రెండేళ్ళకు మీరు ఎగరవచ్చు గాని, నలభై మూడేళ్ళకు నేను నేల మీద పోకూడదా?"

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. లైసెన్సు పరీక్ష పెట్టే బ్రేకిన్‌స్పెక్టరు గుంటూరు నుంచి నెలకొకసారి, ఆఖరి శుక్రవారం నాడు పేటకు వచ్చేవాడు. జనవరి ఆఖరి శుక్రవారం నేను పరీక్షకు పోతాను. పాసైతే కారు ఉంటుంది, ఎడ్లపాడు ఉంటుంది, స్టీరింగు నాది. కాకపోతే సోమవారం వ్యాపారి వచ్చి కారు తోలుకుపోతాడు, ఎగిరే కారు గురించి నేను మళ్ళీ నోరెత్తను. ఈ రెండో షరతు విని ఆయన చాలా సంతోషించారు.

నాకు నేర్పినవాడు మా వీధి చివర షెడ్డున్న మెకానిక్ సాయిబు. ముప్పై అయిదేళ్ళుంటాయి. యుద్ధంలో నాలుగేళ్ళు అస్సాంలో విమానాల దగ్గర ఫిట్టరుగా పనిచేసి వచ్చాడు. నన్ను డాక్టరమ్మగారూ అనేవాడు. నేను డాక్టర్ను కాదయ్యా, పంతులమ్మను అంటే, "రెంటికీ భయపడేదేగా అమ్మా," అనేవాడు. రేకు ముక్క మీద ఎర్ర రంగుతో 'ఎల్' అక్షరం రాసి కారుకు కట్టి, తెల్లవారుజామునే నన్ను ఆ తారు ముక్క మీదికి తీసుకుపోయేవాడు. గేరు మార్చేటప్పుడు క్లచ్చి రెండు సార్లు తొక్కాలి. ఒకసారి తొక్కితే కారు పళ్ళు నూరేది. మొదటి నెలంతా అది నూరుతూనే ఉంది, నేనూ నూరుతూనే ఉన్నాను.

మా ఆయన కూడా వచ్చేవారు. వచ్చి వెనక సీట్లో కూర్చునేవారు కాదు. రోడ్డు పొడుగునా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవారు. ఒకనాడు చివరి దాకా పోయి వచ్చి, "ఎనిమిది వందల ఎనభై గజాలు. లేవడానికి ఆరు వందలు చాలు. దిగడానికి కూడా సరిపోతుంది," అన్నారు. జిల్లా అంతా వెతికినా ఇంత మంచి చోటు దొరకదట. రేపు ఎగిరే కార్లు వస్తే పేటకు ఈ అర మైలే స్టేషనవుతుందట. నేను దాని మీద గేర్లు విరగ్గొట్టుకుంటుంటే, ఆయన దాని మీద విమానాలు దింపుకుంటున్నారు.

సాయిబు తన పక్షం పలుకుతాడని ఆయనకు గట్టి నమ్మకం. ఒకరోజు షెడ్డులో బొమ్మ తీసి చూపించి అడగనే అడిగారు. "నువ్వు చెప్పవయ్యా, విమానాలతో పని చేసినవాడివి. ఇది వస్తుందా, రాదా?"

సాయిబు చేతులు తుడుచుకుని బొమ్మ అందుకున్నాడు. "వస్తది సార్, ఎందుకు రాదు. రెక్క పెట్టి పెద్ద ఇంజను బిగిస్తే మీ మంచం గూడా ఎగురుద్ది."

మా ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఎగరటం గాదు సార్ సంగతి," అన్నాడు సాయిబు. "మా కాడ ఒక విమానం గంట సేపు పైకి పోవాలంటే, నలుగురం రెండు గంటలు దాని కింద పడుకునేవాళ్ళం. ప్రతి నట్టూ చూడాల. నేను చూసింది ఇంకోడు చూడాల. చూశానని సంతకం పెట్టాల. అయినా పైలట్టు నమ్మడు, మళ్ళా చుట్టూ తిరిగి వాడూ చూసుకుంటాడు. అది వాళ్ళ అలవాటు. పోయిన శనివారం మీరు ఎడ్లపాడు పోయొచ్చారు గదా, టైర్లు చూశారా?"

మా ఆయన ఆలోచించారు. "లేదు."

"నూనె?"

"నువ్వు చూసి ఉంటావనుకున్నాను."

"నేను డాక్టరమ్మగారు చూసుంటారనుకున్నా."

నేనెవరు చూశారనుకున్నానో నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"అదీ సార్," అంటూ బొమ్మ తిరిగి ఇచ్చేశాడు సాయిబు. "మీరనే గాదు, పేటలో కారున్నోళ్ళంతా అంతే. హ్యాండిలు తిప్పటం, ఎక్కటం. కింద ఆగిపోతే నాకు కబురు పంపుతారు, నేనొస్తా. పైన ఆగిపోతే కబురెందుకు, మీరే వస్తారు కిందికి."

ఎగిరే కారు మామూలు మనిషికి పనికొస్తుందా అన్న ప్రశ్న మీద నేను చదివినవాటిలో, విన్నవాటిలో ఇంతకు మించిన జవాబు లేదు. నా ఆరు వైపుల వాదన కంటే ఇదే గట్టిదని ఒప్పుకుంటాను. మా ఆయన మాత్రం, "అయితే మనుషులు జాగ్రత్త నేర్చుకోవాలి, అంతేగా," అని బొమ్మ జేబులో పెట్టుకున్నారు.

ఊరు ఏమనుకుందో కూడా చెప్పాలి. డాక్టరుగారు కాలినడకన వస్తుంటే ఆయన భార్య కారు నడుపుతూ పోవడం పేటకు కొత్త. మా ఎదురింటి ఆవిడ గోడ మీంచి అడిగింది. "ఏందమ్మా, డాక్టరుగారికి ఒంట్లో బాగాలేదా ఏంది? నువ్వు తోలుతున్నావు?"

"ఆయన బాగానే ఉన్నారు వదినా. నాకే ఒళ్ళు కొవ్వెక్కింది," అన్నాను.

ఆ మాట ఊరంతా పాకింది. పాకనిచ్చాను. కళ్ళ సంగతి బయటపడితే కుట్లు వేయించుకునే వాడు కూడా గుంటూరు పోతాడు. లోకంలో దేని గురించైనా మాట్లాడే నేను ఆ ఒక్క సంగతీ అప్పట్లో ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు ఆయన డిస్పెన్సరీని మా తమ్ముడి కొడుక్కి అప్పగించి ఎడ్లపాడు ఒక్కటే ఉంచుకున్నారు గనక రాస్తున్నాను. చదివి వినిపించి, సరేననిపించుకునే రాస్తున్నాను.

జనవరి ఆఖరి శుక్రవారం స్కూలుకు సెలవు పెట్టాను. బ్రేకిన్‌స్పెక్టరు రైలు దిగి జట్కాలో వచ్చాడు. ఖాకీ చొక్కా, చంకలో ఫైలు. పరీక్షకు మేం ముగ్గురం. పిడుగురాళ్ళ నుంచి సున్నపురాయి తోలే లారీవాళ్ళిద్దరు, నేను. మా ఆయన, సాయిబుతో సహా అందరం కలిసి తారు ముక్క దగ్గరికి పోయాం.

పోయి చూస్తే తారు లేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా, మోకాలెత్తున, కోసి ఎండబెట్టిన ఉలవ కట్టె పరిచి ఉంది. కాయలతో, తీగలతో, గోధుమరంగు పరుపు వేసినట్టు. పంగలకర్ర పట్టుకుని ఒక ముసలమ్మ దాన్ని సర్దుతోంది. వెనకాల నలుగురైదుగురు ఆడవాళ్ళు చేటలు, చీపుళ్ళు పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుని ఉన్నారు, ఏదో వేడుక చూడ్డానికి వచ్చినట్టు.

ఇన్‌స్పెక్టరుకు కోపం వచ్చింది. "ఎవరిదిది? ఇక్కడ పరవమని ఎవరు చెప్పారు? తియ్యండి ముందు."

"అదేంది బాబూ, తియ్యమంటావు?" అంది ముసలమ్మ. "పోయిన నెల ఇట్నే మీరొచ్చి బళ్ళు తిప్పిచ్చారు గదా. ఆ రోజు మా మరిది ఓ పక్కన అలసందలు ఆరబోసి ఉంటే రెండు గంటల్లో నలిగినయ్. ఎడ్లను కట్టి తొక్కిస్తే మూడు దినాలు. అందుకని ఈసారి నెల రోజుల నించి కాసుకోని, ఇయ్యాల మీరొస్తారనే పరిచాం."

నాకు విషయం అర్థమై నవ్వు ఆగలేదు. ప్రభుత్వం నెలకొకసారి మనిషిని పంపించి, బళ్ళను ముందుకూ వెనక్కూ నడిపిస్తోంది. ఎందుకని వాళ్ళు అడగలేదు. నెలకొకసారి ఊరికే దొరికే నూర్పిడి అని లెక్క చూసుకున్నారు.

"ఇది పరీక్ష. నీ ఉలవలు తొక్కడానికి కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీ పరీక్ష మీరు చేసుకోండి నాయనా, మేం వద్దన్నామా? బండి తిరగటమేగా మాకు గావాల్సింది."

అతను ఫైలు మూసేశాడు. రోడ్డు పరీక్షకు తగినట్టుగా లేదు, వచ్చే నెల రండి అన్నాడు. లారీవాళ్ళు బీడీలు వెలిగించుకున్నారు, వాళ్ళకు వచ్చే నెలైనా ఒకటే. నాకు కాదు. సోమవారం వ్యాపారి వస్తాడు.

మా ఆయన చింతచెట్టు కింద నిలబడి అంతా విన్నారు. గెలిచినట్టు చూస్తారనుకున్నాను. చూడలేదు. జేబులోంచి బొమ్మ సగం పైకి తీసి, మళ్ళీ లోపలికి తోసేసి, "పోనీలేవోయ్, ఇంటికి పోదాం," అన్నారు. ఎడ్లపాడు అయిపోయిందన్న మాట ఆయన ముఖం మీద అప్పుడు కనిపించింది. వానాకాలంలో ఉప్పు అయిపోయినట్టు చెప్పిన మాటే అది.

నేను ఇన్‌స్పెక్టరు జట్కాకు అడ్డంగా పోయి నిలబడ్డాను.

"అయ్యా, మీరు లైసెన్సు ఇచ్చేది ఎక్కడ నడపడానికి?"

"పబ్లిక్ రోడ్డు మీద."

"ఇది పబ్లిక్ రోడ్డేనా?"

"రోడ్డేనమ్మా, కానీ చూస్తున్నారుగా–"

"ఆ పబ్లిక్కు ఇదుగో, ఈవిడే. రేపు నేను పోయే దారిలో ఉలవలు పరిచేదీ ఈవిడే, మిరపకాయలు ఆరబోసేదీ ఈవిడే, గేదెను కట్టేసేదీ ఈవిడే. వీళ్ళ మధ్య నడపగలనో లేదో చూడకుండా మీరేం పరీక్ష చేస్తారు? ఎవరూ లేని చోట నడపడానికైతే మా ఇంట్లో ఒకరు ఆకాశం ఉందంటున్నారు."

ఇన్‌స్పెక్టరు చింతచెట్టు వైపు, తరవాత నావైపు చూశాడు. "జారుతుందమ్మా. గడ్డి మీద బ్రేకు వేస్తే బండి నిలవదు. మగవాళ్ళకే కష్టం."

"నిలిస్తే పాసు, జారితే ఫెయిలు. మీకు పని తేలికే కదా."

ముసలమ్మ పంగలకర్ర నేలకు ఆనించి, "చేసుకోనీ నాయనా, ఆయమ్మ అంతగా అడుగుతుంటే," అంది. ఆవిడ ధ్యాస నా లైసెన్సు మీద కాదని నాకు తెలుసు. అయినా సాక్షి సాక్షే.

అతను నిట్టూర్చి కారెక్కాడు. సాయిబు హ్యాండిలు తిప్పి, నా వైపు వంగి, "బ్రేకు ముట్టుకోమాకండి. గేరు తగ్గించి ఆపండి," అని గొణిగాడు.

పోనిచ్చాను. ఉలవ కాయలు చక్రాల కింద చిటపటమంటూ పగులుతున్నాయి. పక్కన ఇన్‌స్పెక్టరు ఇక్కడ ఆపండి, అక్కడ మళ్ళించండి అంటున్నాడు. వెలుపలి నుంచి ముసలమ్మ తన పరీక్ష తాను పెడుతోంది. "అంచు తొక్కలా అమ్మాయ్. ఎడం పక్క పచ్చిగుంది, అటు పోనీ. అబ్బే, నడిమిట్లోనే తిరిగితే ఎట్టా?"

"ఆవిడ మాట వినకండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆపమన్న చోటల్లా గేరు తగ్గించి ఆపాను. ఒక్కచోట కొంచెం జారింది. అతను ఫైలులో ఏదో గీసుకున్నాడు. అప్పుడు చివరి పరీక్ష పెట్టాడు. కల్వర్టు దాకా వెనక్కి పోవాలి, అంచు దాటకూడదు. నేను ఎడమ భుజం మీదుగా చూశాను, కుడి భుజం మీదుగా చూశాను, కదిలించాను. పది గజాలు పోయాక కుడి పక్కన చీరకొంగు అంచు ఒకటి కదిలినట్టయింది. ఆపేశాను. ఇన్‌స్పెక్టరు ఎందుకు ఆపారన్నట్టు చూశాడు. కారు వెనకాలే, చక్రానికి మూరెడు దూరంలో ముసలమ్మ వంగి, నలగని కట్టెను చక్రం దారిలోకి నెడుతోంది.

"ఆగావేంది? రా, రా," అంది తలెత్తకుండా.

ఇన్‌స్పెక్టరు దిగి వెనక్కి వెళ్ళి, చక్రానికీ ఆవిడకూ మధ్య దూరం వంగి చూశాడు. ముసలమ్మను పక్కకు పంపించి తిరిగొచ్చి, "నేను చూడనే లేదు. మీరెట్లా చూశారు?" అన్నాడు.

"పక్కన కనిపించిందండీ," అన్నాను. చింతచెట్టు కిందికి వినబడేలా అన్నానేమో తెలియదు. వినబడకుండా అని ఉంటే బాగుండేదని తరవాత అనుకున్నాను.

ఇక కల్వర్టు దాకా అక్కర్లేదని, అతను ఫైలు కారు బానెట్టు మీద పెట్టి సంతకం చేశాడు. మా ఆయన దగ్గరికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, పెద్దమనిషి తరహాలో అడిగారు. "ఎగిరే కార్లు వస్తాయంటున్నారు. వాటికి కూడా లైసెన్సు మీ ఆఫీసే ఇస్తుందా?"

"ముందు దీనికి హారను మోగేటట్టు చూడండి సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ముసలమ్మ నన్ను వదల్లేదు. ఎడం పక్క ఇంకా పచ్చిగానే ఉందంది. లైసెన్సు చేతికొచ్చినా, ఆవిడ పరీక్ష కూడా పాసవుదామని ఇంకో నాలుగు సార్లు తిప్పాను. తరవాత లారీవాళ్ళ వంతు. మధ్యాహ్నానికి ఆడవాళ్ళు చేటలతో చెరిగి పోగులు పోస్తున్నారు. ముసలమ్మ దోసిళ్ళతో తెచ్చి నా ఒళ్ళో ఉలవలు పోసింది. "వచ్చే నెల గూడా రామ్మా, జొన్న కంకులుంటయ్," అంది. పాసైతే ఇక రానక్కర్లేదని చెప్పాను. ఆవిడకు అది అన్యాయంగా తోచింది.

ఇంటికి బయలుదేరేటప్పుడు మా ఆయన అలవాటు కొద్దీ కుడివైపు తలుపు దగ్గరికే వచ్చారు. చెయ్యి తలుపు మీద వేశారు కూడా. నేను లోపల కూర్చుని ఉండడం చూసి ఆగారు. చెయ్యి తీయకుండానే, బానెట్టును తడుముకుంటూ ముందు నుంచి చుట్టి వచ్చి ఎడమ పక్కన ఎక్కి కూర్చున్నారు. కొంత దూరం పోయాక, "ఇటు నుంచి కోటప్పకొండ బాగా కనిపిస్తుందోయ్. పన్నెండేళ్ళలో ఎప్పుడూ చూడలేదు," అన్నారు.

సోమవారం వ్యాపారి వచ్చాడు. కారు ఇవ్వడం లేదని మా ఆయనే చెప్పి పంపించారు. కారణం అడిగితే, మా ఆవిడ ఉలవలు నూర్చడానికి కావాలంటోంది అన్నారట.

అంతకు ముందే, పరీక్ష మర్నాడు శనివారం, ఎడ్లపాడు బయలుదేరాం. ఎప్పటిలాగే కొండ కనబడేసరికి రేడియేటరు బుసకొట్టింది. నేను రోడ్డు పక్కకు తీసి ఆపాను. ఆయన బకెట్టు తీసుకుని, గట్టు మీద అడుగులు చూసుకుంటూ పొలంలో బావి దాకా పోయి, నిండా నీళ్ళు తెచ్చి, మూత తీసి నెమ్మదిగా పోశారు. ఆవిరి తగ్గాక, "ఆకాశంలో అయితే మబ్బులోంచే పట్టుకునేవాళ్ళం," అన్నారు.

మబ్బులో బకెట్టు ముంచేది ఎవరో, ముంచేటప్పుడు స్టీరింగు పట్టుకునేది ఎవరో అడుగుదామని నోటిదాకా వచ్చింది. అంతలో ఆయన మూత బిగించి, ఎవరూ చెప్పకుండానే కారు చుట్టూ తిరిగి, వంగి, నాలుగు టైర్లూ చేత్తో ఒక్కొక్కటే నొక్కి చూసి, వచ్చి నా పక్కన కూర్చున్నారు. అందుకని ఆ ఒక్కసారికి ఊరుకున్నాను.